పాత మస్టాంగ్ కొనాలంటే ముందు పాత పత్రికలు కొనండి

పాత అమెరికన్ కారు కొనాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పే మాట ఒకటే. ఓ ఆరు నెలలు కార్ల జోలికి పోకండి, కార్ల పత్రికలు చదవండి. కొత్త టైరు ఒకటి కొనే డబ్బుతో అట్టపెట్టె నిండా పాత సంచికలు వస్తాయి. అవి శ్రద్ధగా చదివినవాళ్ళు కారు ముందు నిలబడినప్పుడు రంగు చూసి మురిసిపోరు. ఎక్కడ వంగి చూడాలో, ఏ కార్పెట్ ఎత్తాలో వాళ్ళకు తెలుస్తుంది. బేరంలో అమ్మేవాడిది పైచేయి కావడానికి కారణం వాడికి తెలిసింది మనకు తెలియకపోవడమే.

ఈ పద్ధతి ఏ పాత కారుకైనా పనికొస్తుంది. కానీ ఒక కారు పట్టుకుని చెప్తే బాగా అర్థమవుతుంది కాబట్టి 1965, 1966 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ తీసుకుంటున్నాను. మొదటిసారి కొనేవాళ్ళకు నేను సూచించేది కూడా అదే. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో దాన్ని జనానికి చూపించారు. ప్రారంభ ధర 2,368 డాలర్లు. రెండేళ్ళు తిరక్కముందే పది లక్షల కార్లు తయారయ్యాయి. ఒక్క 1966 మోడల్‌లోనే 6,07,568 కార్లు. అన్ని తయారయ్యాయి కనుకే ఇవాళ్టికీ దొరుకుతున్నాయి. బోల్టు దగ్గర్నుంచి ఫ్లోర్ రేకుల దాకా విడిభాగాలు కొత్తగా చేసి అమ్ముతున్నారు. పత్రికల్లో దాని గురించి రాసింది కొండంత ఉంది.

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. ఎడిసన్ అనగానే మనకు మన దుకాణాలున్న ఓక్ ట్రీ రోడ్డు గుర్తొస్తుంది. అదే ఊళ్ళో రూట్ 1 పక్కన ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉండేది. ఫోర్డ్ రికార్డుల్లో దాని పేరు మెటచెన్. మొదటి తరం మస్టాంగ్‌లు తయారైన మూడు ఫ్యాక్టరీల్లో అదొకటి. 2004లో మూతబడింది. ఫ్యాక్టరీలో కారు రేకు మీద గుద్దిన నంబరులో రెండో స్థానంలో ఉండే టి అక్షరం దాని గుర్తు. మీరు చూడబోయే కారు మీద ఆ అక్షరం కనబడితే అది మీ ఊళ్ళో పుట్టిన కారే.

1. ఏ పత్రిక దేనికో తెలుసుకోండి

అన్నీ కొనక్కర్లేదు. ఒక్కో పత్రిక ఒక్కో పనికి.

ధరలకూ విడిభాగాలకూ హెమ్మింగ్స్ మోటర్ న్యూస్. 1954లో ఎర్నెస్ట్ హెమ్మింగ్స్ ఇల్లినాయ్‌లోని క్విన్సీలో మొదలుపెట్టాడు. తర్వాత అది వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్‌కు మారింది. దాని ప్రాణమంతా ప్రకటనల్లోనే. కారు చరిత్రకు కలెక్టిబుల్ ఆటోమొబైల్, హెమ్మింగ్స్ క్లాసిక్ కార్ పనికొస్తాయి. ఒక మోడల్‌లో ఏ ఏడాది ఏం మారింది, ఏ బాడీ ఎన్ని తయారైంది, ఎందుకలా చేశారు అన్నవి వీటిలో ఓపిగ్గా రాస్తారు.

కారు కొత్తగా వచ్చినప్పుడు దాన్ని నడిపినవాళ్ళు ఏమన్నారో కావాలంటే ఆ రోజుల పత్రికలే చూడాలి. రాబర్ట్ పీటర్సన్ 1948లో మొదలుపెట్టిన హాట్ రాడ్, మరుసటి ఏడాది తెచ్చిన మోటర్ ట్రెండ్, 1947 నుంచి వస్తున్న రోడ్ అండ్ ట్రాక్, 1955లో స్పోర్ట్స్ కార్స్ ఇలస్ట్రేటెడ్‌గా మొదలై 1961లో పేరు మార్చుకున్న కార్ అండ్ డ్రైవర్. ఈ నాలుగూ చాలు.

ఇక అసలైనది మస్టాంగ్ మంత్లీ. కౌల్ (ముందు అద్దం కింద ఉండే రేకు భాగం) రిపేరు, బ్రేకులు మార్చడం, వైరింగ్, అసలు ఏ స్క్రూకు ఏ రంగు పూత ఉండాలి, అన్నీ ఫొటోలతో సహా నెలనెలా రాశారు. 2019 డిసెంబరులో దాని ప్రచురణ సంస్థ తన 22 పత్రికల్లో 19 అచ్చు పత్రికలను ఒక్కసారిగా ఆపేసింది. మస్టాంగ్ మంత్లీ, కార్ క్రాఫ్ట్, స్ట్రీట్ రాడర్ లాంటివన్నీ ఆ దెబ్బకు పోయాయి. మిగిలినవి హాట్ రాడ్, మోటర్ ట్రెండ్, ఫోర్ వీలర్. ఇప్పటికీ ఆ వార్త తల్చుకుంటే నాకు బాధగానే ఉంటుంది. గ్యారేజీలో చేతులకు గ్రీజు పూసుకుని పనిచేస్తూ ఫొటోలు తీసి రాసిన మనుషుల అనుభవం అది. కాబట్టి ఆ పాత సంచికలు ఎక్కడ కనబడినా వదలకండి.

ఆటోమొబైల్ క్వార్టర్లీ అని ఒకటుండేది. 1962 నుంచి 2012 దాకా, గట్టి అట్టతో, ప్రకటనలు లేకుండా వచ్చింది. చాలా అందమైన పత్రిక. ఇంట్లో పెట్టుకోండి. కారు కొనడానికి మాత్రం పెద్దగా ఉపయోగపడదు.

2. పాత సంచికలు సంపాదించండి

ఆన్‌లైన్ వేలాల్లో విడి సంచికల కంటే ఏడాది కట్టలు చవక. స్వాప్ మీట్‌లలో, అంటే పాత కార్ల సామాను సంతల్లో, ఇంకా చవక. పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటా అక్టోబరులో ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా పెద్ద సంత పెడుతుంది. 1935లో పుట్టిన క్లబ్ అది. అక్కడ కార్లూ భాగాలే కాదు, పాత కాగితాలు అమ్మేవాళ్ళు వరసగా కూర్చుంటారు. సర్వీసు పుస్తకాలు, షోరూమ్ బ్రోషర్లు, పత్రికలు అన్నీ దొరుకుతాయి. పాపులర్ మెకానిక్స్, పాపులర్ సైన్స్ పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగానే చదవొచ్చు. పాపులర్ మెకానిక్స్‌లో ఓనర్స్ రిపోర్ట్ అనే శీర్షిక వెతకండి. కొన్నవాళ్ళనే అడిగి వాళ్ళ మెప్పులూ ఫిర్యాదులూ వేసేవాళ్ళు.

కవర్ బొమ్మ చూసి కొనకండి. విషయసూచిక తెరిచి చూడండి. మీకు ముందుగా కావలసినవి మూడు: 1964-66 నాటి రోడ్ టెస్ట్ ఒకటి, కొనుగోలుదారుల గైడ్ ఒకటి, కౌల్ లేదా ఫ్లోర్ రిపేరు చేసి చూపించిన వ్యాసం ఒకటి. ఆ మూడో రకం వ్యాసానికి పది కవర్ స్టోరీలు సాటిరావు. రేకు కోసి తెరిస్తే లోపల ఎలా ఉంటుందో అందులోనే కనబడుతుంది.

చదువుతూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. బ్రేకులు, బాడీ, ఇంజను, నంబర్లు అని పేజీలు విడగొట్టి, ఏ సంచికలో ఏ పేజీలో ఏముందో రాసుకోండి. కారు చూడటానికి వెళ్ళేటప్పుడు చేతిలో ఉండాల్సింది ఆ నోట్‌బుక్కే.

3. చదివిందంతా నమ్మకండి

పత్రికలను ప్రేమించేవాణ్ణి కాబట్టే ఇది గట్టిగా చెప్తున్నాను. 1964 మార్చి కార్ అండ్ డ్రైవర్ కవర్ మీద పాంటియాక్ జీటీవోను ఫెరారీ జీటీవోకు పోటీగా నిలబెట్టారు. గంటకు 60 మైళ్ళ వేగం 4.6 సెకన్లలో అందుకుందని రాశారు. దేశమంతా ఊగిపోయింది. నిజానికి ఆ రెండు కార్లూ పక్కపక్కన పరుగు తీయనే లేదు. పైగా ఆ పాంటియాక్‌లో ఉండాల్సిన 389 క్యూబిక్ అంగుళాల ఇంజనుకు బదులు 421 అంగుళాల ఇంజను పెట్టి ఇచ్చారని, దాని వెనక ఉన్న పాంటియాక్ ప్రచారకర్త జిమ్ వాంగర్స్ దశాబ్దాల తర్వాత తనే ఒప్పుకున్నాడు. కంపెనీలు పరీక్షకు ఇచ్చే కారు షోరూమ్‌లో దొరికే కారు కాకపోవచ్చన్న సంగతి గుర్తుపెట్టుకుని అంకెలు చదవండి. అలాంటి వ్యాసంలో స్టీరింగ్ బరువుగా ఉంది, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతున్నాయి అని ఫిర్యాదు రాసుంటే మాత్రం దాన్ని నమ్మొచ్చు. నచ్చాలని ఇచ్చిన కారులో కూడా కనబడిన లోపం అది.

హార్స్‌పవర్ అంకెల్లో ఇంకో చిక్కుంది. 1971 వరకు పత్రికల్లో కనబడేవి ఎక్కువగా గ్రాస్ అంకెలు. ఇంజనును స్టాండు మీద పెట్టి, ఎయిర్ క్లీనరు, అసలు సైలెన్సరు లేకుండా కొలిచినవి. 1972 నుంచి అన్నీ బిగించి కొలిచే నెట్ పద్ధతికి మారారు. కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజను 1971లో గ్రాస్ లెక్కన 330, నెట్ లెక్కన 275. ఇంజను ఒకటే. 1965 మస్టాంగ్ కె-కోడ్ (హై పెర్ఫార్మెన్స్ రకం) ఇంజను 271 హార్స్‌పవర్ అని చదివినప్పుడు ఇవాళ్టి కార్ల అంకెతో పోల్చుకుని అంచనాలు పెంచుకోకండి.

4. ప్రకటనలు చదవడం నేర్చుకోండి

కనీసం మూడు నెలల ప్రకటనలు చూడండి. అదే కారు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ధర తగ్గుతుంటే, చూసినవాళ్ళు ఎందుకు వెనక్కి వెళ్ళారో ఆలోచించండి. "ఫ్రేమ్-ఆఫ్ రెస్టోరేషన్" అని మస్టాంగ్ ప్రకటనలో కనబడితే జాగ్రత్త. మస్టాంగ్‌కు విడి ఫ్రేమే లేదు, బాడీ అంతా కలిపి వెల్డింగ్ చేసిన నిర్మాణం అది. అలా రాసినవాడికి కారు తెలియకపోవచ్చు, లేదా కొనేవాడికి తెలియదనుకుని ఉండొచ్చు. "ట్రిబ్యూట్", "క్లోన్" అంటే మామూలు కారును ఖరీదైన మోడల్‌లా మార్చారని అర్థం. అది ఒప్పుకుని, దానికి తగ్గ ధర చెప్తే తప్పేమీ లేదు.

ధరల పుస్తకాల్లో కారు స్థితికి నంబర్లు ఇస్తారు. విస్కాన్సిన్‌లోని అయోలాలో పుట్టిన ఓల్డ్ కార్స్ వాళ్ళ ప్రైస్ గైడ్‌లో 1 నుంచి 6 దాకా, పాత కార్లకు ఇన్సూరెన్స్ ఇచ్చే హాగర్టీ కంపెనీ లెక్కలో 1 నుంచి 4 దాకా. రెండింట్లోనూ 1 అంటే పోటీలో పెట్టదగ్గ కారు. అమ్మేవాళ్ళందరూ తమది 2 అంటారు. మీరు 3 అనుకుని వెళ్ళండి. టీవీలో బారెట్-జాక్సన్, మీకమ్ వేలాలు చూసి ధర అంచనా వేయకండి. ఆ ప్రకటించే మొత్తాల్లో చాలాసార్లు కొనేవాడు కట్టే కమీషన్ కూడా కలిసి ఉంటుంది.

5. నంబర్లు సరిచూడండి

బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి అంచు చూడండి. లోపలి ఏప్రన్ రేకు మీద గుద్దిన నంబరు ఉంటుంది. అదే అసలు నంబరు. డ్రైవర్ తలుపు అంచుకు రివెట్లతో బిగించిన పలక కూడా ఉంటుంది గానీ, అలాంటి పలకలు కొత్తగా చేసి ఇస్తారు కాబట్టి దాని ఒక్కదాన్నే నమ్మలేం. ఏప్రన్ మీదిదీ, పలక మీదిదీ, టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) మీదిదీ మూడూ ఒకటే కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు బయటికి తీయకండి.

చదవడం తేలికే. 6టి07సి, ఆ తర్వాత ఆరు అంకెల వరుస సంఖ్య ఉందనుకోండి. 6 అంటే 1966 మోడల్. టి అంటే మెటచెన్. ఎఫ్ అయితే డియర్‌బార్న్, ఆర్ అయితే కాలిఫోర్నియాలోని శాన్ హోసే. 07 అంటే హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు), 08 కన్వర్టిబుల్ (మడిచే పైకప్పు), 09 ఫాస్ట్‌బ్యాక్ (వెనక్కి ఏటవాలుగా దిగే పైకప్పు). చివరి అక్షరం ఇంజను: టి అయితే 200 అంగుళాల ఆరు సిలిండర్లది, సి, ఏ రెండూ 289 అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్లది), కె అంటే అందరూ కోరుకునే హై పెర్ఫార్మెన్స్ 289. 1965 మోడల్ తొలి నెలల్లో యు, ఎఫ్, డి అక్షరాలు కూడా వాడారు.

నంబరులో ఇంజను అక్షరం టి ఉండి, బానెట్ కింద వీ8 ఉంటే దాన్ని తర్వాత మార్చారన్నమాట. అప్పుడు చక్రాలు చూడండి. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు ఫ్యాక్టరీలో చక్రానికి నాలుగు నట్లు, వీ8కి ఐదు. ఇంజను మార్చి నాలుగు నట్ల చక్రాలే ఉంచేశారంటే బ్రేకులూ స్టీరింగ్ భాగాలూ కూడా పాత తేలిక రకమే ఉన్నాయని అర్థం. అలాంటి కారు వద్దు.

ఇంజను బ్లాక్ కుడివైపు, స్టార్టర్ మోటరు దగ్గర పోత తేదీ ఉంటుంది. 5సి12 అంటే 1965 మార్చి 12. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా లెక్క. తలుపు పలక మీద కారు తయారైన తేదీలో కూడా నెల అక్షరంలోనే ఉంటుంది, కానీ రోజు అంకె దాని ముందు వస్తుంది, సంవత్సరం ఉండదు. ఇంజను పోత తేదీ కారు తేదీకి ముందుండాలి, అదీ కొద్ది వారాలు, మహా అయితే కొద్ది నెలలు. పోత తేదీ కారు తేదీ తర్వాత ఉందంటే అది ఆ కారుతో వచ్చిన ఇంజను కాదు. 1967, ఆ తర్వాతి ఫోర్డ్ కార్లకైతే మార్టీ రిపోర్ట్ అని ఫోర్డ్ సొంత రికార్డుల నుంచి వివరాలు తీసి ఇచ్చే పత్రం దొరుకుతుంది. 1965-66కు మీ కళ్ళనే నమ్ముకోవాలి.

6. తుప్పు వెతకండి

ఇక్కడ తొందరపడొద్దు. ఇంజను పాడైతే బాగుచేయించుకోవచ్చు, అంచనాకు అందే ఖర్చు. తుప్పు అలా కాదు, తవ్వేకొద్దీ పెరుగుతుంది.

మొదట కౌల్. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర సన్నని గాళ్ళున్న రేకు కనబడుతుంది. వాననీళ్ళు ఆ గాళ్ళలోంచి లోపలి తొట్టిలో పడి రెండు పక్కల నుంచి కిందికి పోవాలి. ఆ తొట్టిలో హీటరుకూ గాలికీ రెండు రంధ్రాలున్నాయి, వాటి చుట్టూ నీళ్ళు లోపలికి పోకుండా రేకు గట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆకులు చేరి, కుళ్ళి, తేమ నిలిచి ఆ గట్టు తుప్పు పడుతుంది. ఇక వాన పడితే నీళ్ళు తిన్నగా కాళ్ళ దగ్గర కార్పెట్ మీదికే. బయటికి ఏమీ కనబడదు. బాగుచేయాలంటే ఫెండర్లు విప్పి, పదుల కొద్దీ స్పాట్ వెల్డింగులు డ్రిల్లుతో తీసి, పై రేకు లేపాలి. అంత పని చేయలేక చాలామంది సీలెంటు పూసి సరిపెడతారు.

పరీక్ష ఇలా చేయండి. కార్పెట్ వెనక్కి మడవండి. తోడు వచ్చినవాళ్ళను టార్చితో డ్యాష్‌బోర్డు కిందికి తల పెట్టి పడుకోమనండి. మీరు చెంబుతో నీళ్ళు తీసుకుని ముందు కుడివైపు గాళ్ళలో, తర్వాత ఎడమవైపు నెమ్మదిగా పోయండి. నీళ్ళు ముందు చక్రాల వెనక నేల మీద పడితే మంచిదే. లోపల ఒక్క చుక్క కనబడినా, గోధుమరంగు మరక తడిసి మెరిసినా, కౌల్ పోయినట్టే. నీళ్ళు పోయొద్దని అమ్మేవాడు అభ్యంతరం చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత ఫ్లోర్ రేకులు, అరచేత్తో ఒత్తి చూడాలి. ఫ్లోరుకు ముందు మూలల్లో, ఉన్న కార్లలో, టార్క్ బాక్సులు (బాడీని బలపరిచే రేకు పెట్టెలు), కింద ముందూ వెనకా బాడీకే వెల్డింగ్ చేసిన ఫ్రేమ్ రెయిల్స్, ఇంజనుకు రెండు పక్కలా ఉండే షాక్ టవర్లలో పగుళ్ళు, డిక్కీలో స్పేర్ టైరు కింద, వెనక చక్రాల పైన. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని వెనక ఫెండర్ల కింది భాగం మీద జరుపుతూ పోండి. పట్టు తప్పిందంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. కన్వర్టిబుల్ అయితే తలుపు సందు చూడండి. పైన ఇరుగ్గా కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగింది.

7. నడిపి చూడండి

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి, మీరు రాకముందే వేడి చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. ఆటోమేటిక్ అయితే గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి, మాడు వాసన రాకూడదు. డ్రమ్ బ్రేకులు ఒక పక్కకు లాగుతున్నాయా గమనించండి. వీలైతే పాత ఫోర్డ్‌లు తెలిసిన మెకానిక్‌తో కంప్రెషన్ పరీక్ష చేయించండి.

8. కాగితాలు, ఇన్సూరెన్స్

టైటిల్ అమ్మేవాడి పేరునే ఉండాలి. న్యూయార్క్‌లో 1972, అంతకు ముందు మోడళ్ళకు టైటిల్ ఇవ్వరు, రిజిస్ట్రేషన్ పత్రం మీదే బదిలీ జరుగుతుంది. కాబట్టి అక్కడి కారుకు టైటిల్ లేదంటే కంగారు పడక్కర్లేదు, మిగతా రాష్ట్రాల నియమం విడిగా కనుక్కోండి. ఇన్సూరెన్స్ తప్పకుండా అగ్రీడ్ వాల్యూ పద్ధతిలో తీసుకోండి. మామూలు పాలసీలో తరుగుదల లెక్కేస్తారు, అరవై ఏళ్ళ కారుకు ఏం మిగులుతుంది? అగ్రీడ్ వాల్యూలో కంపెనీ, మీరు ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. బదులుగా రోజూ తిప్పడానికి వేరే కారుండాలి, దీన్ని గ్యారేజీలో పెట్టాలి అంటారు. న్యూజెర్సీ, టెక్సస్ లాంటి చోట్ల 25 ఏళ్ళు దాటిన కారుకు ప్రత్యేక ప్లేట్లు దొరుకుతాయి. వాటితో తిరిగే తిరుగుడుకు పరిమితులున్నాయి, చదువుకోండి.

దీన్ని హైదరాబాదుకో విజయవాడకో తీసుకెళ్ళాలన్న ఆలోచన కొందరికి ఉంటుంది. భారతదేశంలో 2021 నుంచి యాభై ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్‌గా, వీఏ అక్షరాలున్న ప్లేటుతో రిజిస్టర్ చేస్తున్నారు. అలా చేసిన కారును నిత్యం తిప్పడానికి వీల్లేదు. దిగుమతి సుంకం కూడా లెక్కేసుకుంటే, అమెరికాలో ఉన్నన్నాళ్ళూ ఇక్కడే ఆనందంగా నడుపుకోవడం మేలని నా అభిప్రాయం.

9. ఇంటికి తెచ్చాక మొదటి నెల

మెరుగులు తర్వాత, ముందు ప్రాణాలు. టైరు పక్కన డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2312 అంటే 2012లో 23వ వారంలో తయారైంది. గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోకుండా పదేళ్ళు దాటినవి మార్చేయండి. పెట్రోలు రబ్బరు గొట్టాలు, కూలెంట్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు కూడా మార్చండి. ఆ కాలపు ఇంజన్ల క్యామ్ షాఫ్టుకు జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి, పాత ఇంజన్ల కోసమే అమ్మేది అడిగి తీసుకోండి.

బ్రేకుల సంగతి వదిలిపెట్టకండి. 1965, 1966 మస్టాంగ్‌లలో మాస్టర్ సిలిండర్‌కు ఒకే గది ఉంటుంది. ఎక్కడైనా ఒక్క గొట్టం పగిలిందంటే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచి రెండు గదులవి వచ్చాయి, ముందువి పోయినా వెనకవి పనిచేస్తాయి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి తిప్పాలనుకుంటే ఆ రెండు గదుల రకానికి మార్పించండి. మస్టాంగ్ మంత్లీలో ఈ పనిని ఫొటోలతో చూపించారు, కిట్లు కూడా దొరుకుతున్నాయి. విప్పిన పాత సిలిండర్‌ను మాత్రం పారేయకండి. శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, ఏ కారుదో ఎప్పుడు తీశారో చీటీ రాసి డబ్బాలో దాచండి. రేపు మీ దగ్గర కొనేవాళ్ళు దానికోసం అడుగుతారు.